లాట్ నంబరు అడిగే అలవాటు

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ అనే బస్తా మూతి విప్పగానే కొనేవాడి చేయి లోపలికి వెళుతుంది. పిడికెడు కాయలు పైకి తీసి రంగు చూస్తాడు, ఒక కాయ విరిచి గింజ చూస్తాడు, చెమ్మ ఎంత ఉందో వేళ్లతో నొక్కి చెప్పేస్తాడు, తాలు ఎంత కలిసిందో కంటితోనే లెక్క కట్టేస్తాడు. ఆ సరుకు ఏ పాటిదో తెచ్చిన రైతుకీ తెలుసు. కాబట్టి అక్కడ బేరమంతా ధర మీదే. కానీ ఆ కాయ కాసిన తోటకు వానాకాలం ముందు విత్తనం కొన్న రోజున ఇదే రైతు కళ్లూ చేతులూ అక్కరకు రాలేదు. అసలైన హైబ్రిడ్ గింజనూ, కల్లంలో కాయల్లోంచి రాలిన గింజకు రంగు మందు పట్టించి ప్యాకెట్లో పోసినదాన్నీ పక్కపక్కన పెడితే, నలభై ఏళ్లు సేద్యం చేసినవాడైనా తేడా చెప్పలేడు. తడిగుడ్డలో కట్టి మొలక చూసుకోవచ్చు గానీ, రెండూ మొలుస్తాయి. నకిలీ విత్తనమంటే మొలవని విత్తనం అనుకోవడం సగం నిజమే. మొలవనిదైతే పది రోజుల్లో తెలిసిపోతుంది, మళ్లీ నారు పోసుకోవచ్చు. మొలిచే నకిలీ అంతకంటే ప్రమాదం. నారు నాటి, ఎరువులు వేసి, మందులు కొట్టి, పూతా పిందే రావలసిన వేళకు గానీ అది తన గుణం చూపించదు. అప్పటికి పెట్టుబడిలో పెద్ద వాటా మట్టిలో కలిసిపోయి ఉంటుంది.

ఈ రెండు రకాల సరుకుల తేడాను 1970లో ఫిలిప్ నెల్సన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త విడమరిచి రాశాడు. కొన్నిటి నాణ్యత కొనకముందే చూసి తెలుసుకోవచ్చు, కొన్నిటిది వాడితే గానీ తెలియదు. మిరపకాయ మొదటి రకం, మిరప విత్తనం రెండో రకం. చెప్పుల కొట్లో బూటు కూడా మొదటి రకమే. చేతిలోకి తీసుకుని వంచి చూస్తాం, కుట్టు చూస్తాం, జిగురు వాసన పసిగడతాం, కాలికి తొడిగి నాలుగడుగులు వేస్తాం. అదే బూటును ఫోన్ తెర మీద చూసి కొన్నప్పుడు ఆ పరీక్షలన్నీ పోతాయి, మిగిలేది ఒక్క బొమ్మ. ఆ బొమ్మ కూడా చాలాసార్లు అసలు కంపెనీ తీయించుకున్న ఫొటోయే. మనకు వచ్చే వస్తువును ఎవరూ ఫొటో తీయలేదు. ఫోన్లో చూసి కొనే ప్రతి వస్తువూ ఆ కొన్న క్షణాన విత్తనం లాంటిదే. పత్తి, మిరప పండించిన ఊళ్లవాళ్లు విత్తనం కొనేటప్పుడు పాటించే జాగ్రత్తను ఆన్‌లైన్ కొనుగోలుకూ తెచ్చుకుంటే బ్రాండు పేరుతో జరిగే మోసంలో చాలా భాగం తగ్గుతుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచింది ఇదే.

మోసం ఎంత పెద్దదో ముందు చూద్దాం. ప్రపంచ వాణిజ్యంలో నకిలీ సరుకు వాటా మీద ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ), ఐరోపా సమాఖ్య మేధోసంపత్తి కార్యాలయం కలిసి 2019లో ఇచ్చిన అంచనా ప్రకారం అది 3.3 శాతం, అంటే 50,900 కోట్ల డాలర్లు. ఇది దేశాల సరిహద్దులు దాటిన సరుకు లెక్క మాత్రమే. ఒక దేశంలోనే తయారై ఆ దేశంలోనే అమ్ముడయ్యేది ఇందులో కలవలేదు. అంతకంటే మనకు పనికొచ్చే ఆధారం 2018 జనవరిలో వచ్చింది. అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ జీఏవో ఐదు పేరున్న వెబ్‌సైట్లలో, అక్కడ సరుకు పెట్టే బయటి అమ్మకందారుల నుంచి 47 వస్తువులు కొని, వాటిని అసలు కంపెనీలకు పంపి పరీక్ష చేయించింది. బూట్లు, కాఫీ కప్పులు, ఫోన్ చార్జర్లు, మేకప్ సామాను అందులో ఉన్నాయి. నలభై ఏడింటిలో 20 నకిలీవని తేలింది. బూట్లన్నీ అసలువే, మేకప్ సామాను మొత్తం నకిలీదే. అసలు గమనించాల్సింది మరొకటి ఉంది. ఆ అమ్మకందారులను ఊరికే ఎంచలేదు. కొన్నవాళ్లు ఇచ్చిన రేటింగ్ 90 శాతం పైన ఉన్నవాళ్ల దగ్గరే కొన్నారు. చుక్కలు చూసి కొనేవాడికి దొరికే రక్షణ ఎంతో ఈ ఒక్క పరీక్ష చెబుతోంది.

రేటింగ్ ఎందుకు పనిచేయదో విత్తనం భాషలో ఆలోచిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. రివ్యూ రాసేవాడు ఎప్పుడు రాస్తాడు? పార్సిల్ అందిన రోజునో, ఆ వారంలోనో. అంటే నారు పచ్చగా ఉన్నప్పుడు. అడుగు ఊడేది, రంగు పోయేది, జిప్పు విరిగేది, పూత లేచేది రెండో నెలలో. అప్పటికి ఆ ఐదు చుక్కలు అక్కడే నిలిచిపోయి ఉంటాయి, వెనక్కి వెళ్లి దిద్దేవాళ్లు తక్కువ. వస్తువు వెనక్కి ఇవ్వడానికి ఏడు రోజులో, పది రోజులో గడువు ఉంటుంది. ఆ గడువు దాటే దాకా చూపు నిలిస్తే నకిలీ చేసేవాడికి చాలు. డబ్బులిచ్చి రాయించే రివ్యూల సంగతి వేరే. అవేవీ లేకపోయినా, నిజాయితీగా రాసిన మంచి మాట కూడా ఇక్కడ చాలదు. బొమ్మ, తగ్గింపు ధర, చుక్కలు అనే మూడూ నారు మడి లాంటివి. వాటిని చూసి కాపు ఎంతో చెప్పలేం.

మరి ఏది ఆధారం? విత్తనం కొనే రైతు ఇది ఎప్పుడో తేల్చుకున్నాడు. గింజను చూసి లాభం లేదు కాబట్టి గింజ వెనక నిలబడే మనిషిని చూస్తాడు. ప్యాకెట్ మీద కంపెనీ పేరు, లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, ఎప్పటిదాకా పనికొస్తుందో ఉన్నాయా చూస్తాడు. లాట్ నంబరు వేసి బిల్లు రాయమంటాడు. విత్తనం పోశాక ఖాళీ ప్యాకెట్టునూ బిల్లునూ పంట చేతికొచ్చే దాకా పెట్టెలో దాస్తాడు. అది చాదస్తం కాదు. ఆంధ్రప్రదేశ్ రైతులకూ నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌కూ నడిచిన కేసులో 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, నష్టపరిహారం అడగవచ్చని తేల్చింది. కొన్న విత్తనమంతా రైతు పొలంలో చల్లేస్తాడు, పరీక్ష కోసం కొంత దాచిపెట్టాలని అతన్ని అడగడం కుదరదని కూడా అంది. అంటే విత్తనం మట్టిలో కలిసిపోయినా హక్కు మిగులుతుంది. కానీ ఆ హక్కుకు ఆనవాలు ఆ కాగితం ముక్కే. బిల్లు లేకుండా లూజు విత్తనం కొన్నవాడు ఎవరి మీద కేసు వేయగలడు?

ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంతంలోని మా తుళ్లూరులో ఈ మాట ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన కారణం ఒకటుంది. 2014 డిసెంబరులో రాజధాని ప్రాంత అభివృద్ధి ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. ఆ తర్వాత భూసమీకరణ కింద ఇక్కడి ఊళ్లలో 30 వేల ఎకరాలకు పైగా పొలం చేతులు మారింది. మెట్ట ఎకరానికి ఏడాదికి 30 వేలు, నీటి వసతి ఉన్న జరీబు ఎకరానికి 50 వేలు చొప్పున, ఏటా కొంత పెరిగేలా కౌలు ఇస్తామన్నారు. ఆనాడు బడికి వెళుతున్న పిల్లలు ఇవాళ సొంత ఫోన్లో సొంతంగా కొనుక్కునే వయసువాళ్లు. చాలా ఇళ్లలో విత్తనం కొట్టు ముందు నిలబడి లాట్ నంబరు చదివించుకున్న అనుభవం తల్లిదండ్రుల దగ్గరే ఆగిపోయింది, ఆర్డరు నొక్కే వేలు పిల్లలది. ఒకే ఇంట్లో తెలివి ఒకరి దగ్గర, కొనుగోలు ఇంకొకరి దగ్గర ఉన్నాయి. పెద్దవాళ్లు ఫోన్ మాకు తెలియదు అంటూ పక్కకు తప్పుకుంటారు. తెలియాల్సింది ఫోన్ గురించి కాదు కదా. అమ్మేవాడెవడు, ఎక్కడుంటాడు, రేపు అడిగితే జవాబు చెబుతాడా అన్న మూడు ప్రశ్నలు వాళ్లు జీవితమంతా అడిగినవే. ఐదు వేలు దాటే ఏ కొనుగోలైనా డబ్బు కట్టే ముందు ఇంట్లో పెద్దవాళ్లకు ఆ మూడు జవాబులూ చదివి వినిపించాలని ఒక నియమం పెట్టుకోండి. జవాబు దొరకని చోట పిల్లలకే అనుమానం తడుతుంది.

ఆ జవాబులు తెర మీదే ఉంటాయి, ఉండాలని చట్టమే చెప్పింది. 2020 జూలైలో అమల్లోకి వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకందారుడి పేరు, చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, వస్తువు ఏ దేశంలో తయారైందో కొనేవాడికి కనిపించేలా పెట్టాలి. వస్తువు నకిలీదైనా, లోపమున్నదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోను, డబ్బు ఇవ్వను అనడానికి అమ్మకందారుడికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి. కాబట్టి ధర కింద చిన్న అక్షరాల్లో ఉన్న అమ్మకందారుడి పేరు మీద నొక్కడం మొదటి పని. పెద్ద వెబ్‌సైటు పేరు అమ్మేవాడి పేరు కాదు. సంతలో స్థలం పంచాయతీది, గంప ఎవరిదో వేరు. మేము వేదిక మాత్రమే అన్న రక్షణ ఐటీ చట్టం 79వ సెక్షన్ కింద ఆ వెబ్‌సైట్లకు ఉంది. అది ఎంతవరకు చెల్లుతుందన్న వివాదం కోర్టుల్లో నడుస్తూనే ఉంది. క్రిస్టియన్ లూబుటాన్ అనే ఫ్రెంచి చెప్పుల కంపెనీ వేసిన కేసులో 2018 నవంబరులో ఢిల్లీ హైకోర్టు, అమ్మకంలో చురుగ్గా చేయి పెట్టే వెబ్‌సైటుకు ఆ రక్షణ దానంతటదే రాదని చెప్పింది. మనలాంటి కొనుగోలుదారు ఆ వివాదం ముగిసేదాకా ఆగలేడు. బ్రాండు కంపెనీ సొంత వెబ్‌సైటులో అధీకృత అమ్మకందారుల పేర్లు ఉంటే అక్కడ సరిచూసుకోవడం మనం ఇప్పుడే చేయగల పని. ఉత్పత్తి పేజీలో మెరిసే లోగో కంటే ఆ జాబితాలో ఉన్న పేరు విలువైనది.

డబ్బు ఎక్కడ కడుతున్నామన్నది మరో ముఖ్యమైన సంగతి. వాట్సాప్ స్టేటస్‌లోనో, ఇన్‌స్టాగ్రామ్‌లోనో బొమ్మ చూపించి ఎవరో ఒకరి యూపీఐ నంబరుకు పంపమన్నారంటే అది లూజు విత్తనమే. పైన చెప్పిన నియమాలు పట్టుకోవడానికి అక్కడ ఒక చిరునామా అంటూ దొరకదు. పార్సిల్ ఇంటికొచ్చాక డబ్బిస్తే భద్రమనుకోవడం కూడా పొరపాటే. డబ్బిచ్చేది పెట్టె చూసి, లోపలి వస్తువు చూసి కాదు. పెట్టె తెరిచేటప్పుడు మీద అంటించిన చిరునామా చీటీ కనిపించేలా ఆపకుండా వీడియో తీయండి. బిల్లులో అమ్మకందారుడి పేరు, జీఎస్టీ నంబరు ఉన్నాయా చూడండి. అసలు బ్రాండు వస్తువు మీద సీరియల్ నంబరో, క్యూఆర్ కోడో ఉంటే ఆ బ్రాండు సొంత యాప్‌లో పరీక్షించండి. పెట్టె మీద ముద్రించిన లింకును మాత్రం నమ్మకండి, నకిలీ చేసేవాడు నకిలీ పరీక్షను కూడా ముద్రించగలడు. చార్జర్, హెల్మెట్, ముఖానికి రాసుకునే క్రీము లాంటివాటిలో ఈ శ్రమ రెట్టింపు పడాలి. నకిలీ చేతిసంచీ చిరిగిపోతుంది, అంతే. నకిలీ హెల్మెట్ సంగతి రోడ్డు మీద పడ్డప్పుడే తెలుస్తుంది.

ఇంతా విన్నాక చాలామంది అనే మాట ఒకటుంది. మేము మోసపోవడం లేదు, అసలును పోలిన నకలు, ఫస్ట్ కాపీ అని తెలిసే కొంటున్నాం, పదో వంతు ధరకు వస్తుంటే ఎవరికి నష్టం అంటారు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. తెలిసి కొన్నవాడు అబద్ధానికి బలి కాలేదన్నది నిజం. కానీ ఫస్ట్ కాపీ అన్న మాటకు ఏ ప్రమాణమూ లేదు. ఆ మాట అన్నవాడే కొలత, అన్నవాడే పరీక్ష. గ్లైఫోసేట్ కలుపుమందు తట్టుకునే పత్తి విత్తనం ఇలాగే అమ్ముడవుతోంది. కేంద్రంలోని జన్యుమార్పిడి అనుమతుల కమిటీ దాన్ని ఆమోదించలేదు. కొనే రైతుకు ఆ సంగతి తెలుసు. కూలి ఖర్చు తగ్గుతుందని తెలిసే కొంటాడు. కానీ చీటీ లేని ఆ ప్యాకెట్లో ఉన్నది నిజంగా ఆ గుణమున్న విత్తనమేనా, మామూలు పత్తి గింజా అన్నది మందు కొట్టిన రోజు దాకా తెలియదు. చేను మాడిపోతే ఫిర్యాదు చేయడానికి తాను కొన్నదే బయట చెప్పుకోలేనిది. తెలిసి నకిలీ కొనేవాడు ధరతో పాటు అడిగే హక్కును కూడా చెల్లిస్తున్నాడు. ఆ రెండోది ఏ స్క్రీన్ మీదా కనపడని ధర.

ఇక ఎవరికి నష్టమన్న ప్రశ్నకు జవాబు తుళ్లూరుకు పాతిక కిలోమీటర్ల లోపే, మంగళగిరిలో ఉంది. మంగళగిరి చీరలకూ బట్టకూ భౌగోళిక గుర్తింపు ఉంది. గుంట మగ్గం మీద దగ్గరగా నేసిన సాదా బట్ట, జరీ అంచు, చిన్న చిన్న గోపురాల్లా సాగే నిజాం అంచు దాని గుర్తులు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో మంగళగిరి అని వెతికితే పవర్‌లూమ్ మీద నేసిన బట్ట, పాలియెస్టర్ కలిసిన బట్ట కూడా అదే పేరుతో, అదే అంచు బొమ్మతో కనిపిస్తాయి. చీరను చేనేతకే కేటాయించిన చట్టం 1985 నుంచి ఉన్నా, చేనేత మార్కు 2006 నుంచి ఉన్నా తెర మీద బొమ్మ ఆ తేడా చూపించదు. నెల్సన్ రాసిన ఏడాదే, 1970లో, జార్జ్ ఆకర్లోఫ్ మరో సంగతి నిరూపించాడు, దానికే 2001లో నోబెల్ వచ్చింది. కొనేవాడు మంచి చెడు తేడా చెప్పలేని మార్కెట్లో రెండిటికీ మధ్యస్థపు ధరే ఇవ్వడానికి సిద్ధపడతాడు. ఆ ధర చెడు సరుకువాడికి లాభం, మంచి సరుకువాడికి నష్టం. మంచి సరుకువాడే మార్కెట్ వదిలిపోతాడు. మగ్గం దిగిపోయే నేతగాడి కథ ఇదే. ఎక్కడో పారిస్ కంపెనీ సంచీని నకలు చేస్తే నాకేమిటి అన్నవాడు, మంగళగిరి పేరును, గుంటూరు సన్నం పేరును వేరేవాడు వాడుకున్నప్పుడు అది అన్యాయమని ఏ నోటితో అంటాడు? పేరు మీద హక్కు పారిస్‌కు ఒకటి, మంగళగిరికి ఒకటి ఉండదు. ఒకే సూత్రం రెండు చోట్లా నిలవాలి, లేదా రెండు చోట్లా కూలాలి.

ఈ దారిలో కొంతమంది కుర్రాళ్లు కొనడం దగ్గర ఆగకుండా అమ్మడం దాకా వెళుతున్నారు. స్టేటస్‌లో బొమ్మ పెట్టి, ఆర్డరు తీసుకుని, మధ్యలో రెండు మూడు వందలు మిగుల్చుకోవడం వ్యాపారంలాగే కనిపిస్తుంది. వాళ్లకు ఒక్కటే చెప్పాలి. తప్పుడు ట్రేడ్‌మార్కు ఉన్న సరుకు అమ్మితే ట్రేడ్‌మార్కుల చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఫస్ట్ కాపీ అని ముందే చెప్పి అమ్మానన్నది రక్షణ కాదు, తెలిసి చేశానని ఒప్పుకోవడం.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. వెయ్యి రూపాయలు కూడా చేయని బూటుకు పది వేలు పెట్టడం అసలు మోసం కాదా అంటారు. పెద్ద బ్రాండ్ల ధరలో వస్తువు విలువ కొంతే, మిగతాది పేరుకు కట్టే కప్పమన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ వాదన నిజాయితీగా నమ్మినవాడు వెళ్లాల్సింది పేరు లేని మంచి బూటు దగ్గరికి. నకిలీ కొన్నవాడు ఆ పేరును తిరస్కరించలేదు. వస్తువు కంటే పేరే ముఖ్యమని అందరికంటే గట్టిగా నమ్మి, నాణ్యతను వదులుకుని పేరునే కొనుక్కున్నాడు. కాలేజీలో, పెళ్లిలో, ఉద్యోగానికి ఇంటర్వ్యూలో తక్కువగా చూస్తారేమోనన్న భయం ఉంటుంది, ఆ భయాన్ని చిన్నచూపు చూడటం నాకిష్టం లేదు. పల్లె నుంచి వచ్చిన పిల్లలకు అది నిజమైన బాధ. అయితే నకిలీ దాన్ని తీర్చదు. ఎవరైనా గుర్తుపడతారేమోనన్న కొత్త భయాన్ని దాని పక్కన చేరుస్తుంది. అదే డబ్బుకు పేరు పెద్దగా లేని కంపెనీ గట్టి బూటు దొరుకుతుంది. నేతగాళ్ల సొసైటీ ముద్రా, చేనేత మార్కూ ఉన్న మంగళగిరి బట్టతో కుట్టించిన చొక్కా కూడా దొరకవచ్చు. వాటిని ఎవరు ఎంత దగ్గరగా చూసినా దాచుకోవాల్సింది ఏమీ ఉండదు.

చివరిగా, పన్నెండు వందల వస్తువు కోసం ఎవరు తిరుగుతారు అన్న మాట. ఈ మాట మీదే నకిలీ వ్యాపారం బతుకుతోంది. చిన్న మొత్తం, పెద్ద తిరుగుడు అన్న లెక్క వాళ్లకు బాగా తెలుసు. ఆ లెక్క ఇప్పుడు కొంత మారింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు ఉంటున్న చోటే ఫిర్యాదు వేయవచ్చు. తుళ్లూరు వాళ్లు గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు. ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు, లాయరును పెట్టుకోవాలన్న నిబంధన లేదు. అంతకు ముందు మెట్టుగా 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఆ కంపెనీకి ఫిర్యాదు పంపుతుంది. డబ్బు కట్టించుకుని మాయమైన మోసమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పాలి. కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఆర్డరు వివరాల స్క్రీన్‌షాటు, అమ్మకందారుడి పేజీ ఫొటో, బిల్లు, పెట్టె తెరిచిన వీడియో ఒకే ఫోల్డరులో పెట్టి దానికి తేదీ రాయండి. పెట్టెలో విత్తనం ప్యాకెట్లు దాచిన చోటే బిల్లు కాగితం కూడా ఉంచి, ఆ రెండేళ్లు గడిచేదాకా పారేయకండి.